సాపు రోడ్డు మీద ఆపు

పల్లె బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తులో ఉంటుందో మీలో ఎవరైనా ఎప్పుడైనా చూసుకున్నారా? చూసుకుని ఉండరు. మీ వయసులో అది మెట్టే కాదు. ఒక కాలు లోపల పెట్టి, రెండోది గాలిలో ఉండగానే ఫోనులో మాట్లాడుతుంటారు. నేను ఆ మెట్టు పక్కన నిలబడి ఉద్యోగం చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను. అది మనిషి మోకాలికి పైన ఉంటుంది. కష్టపడి ఎక్కి లోపలికి వస్తే, కిటికీ మీద ‘వృద్ధులకు’ అని రాసిన సీటు ఒకటి కనిపిస్తుంది. సీటు వృద్ధులదే. ఆ సీటు దాకా తీసుకొచ్చే మెట్టు మాత్రం కాలేజీ పిల్లలది. ఆ బస్సుకు బొమ్మ గీసినవాడు ఎవడో గానీ, వాడి తల్లి ఎప్పుడూ బస్సెక్కి ఉండదు.

నేను కండక్టరుని. అయిదో తరగతిలో బడి మాన్పించారు. పది పరీక్ష ఆ తర్వాత సొంతంగా కట్టి పాసయ్యాను. మిగతా చదువంతా బస్సులోనే సాగింది. ప్రయాణికులు సీట్లలో వదిలేసి పోయిన పేపర్లు, అట్టలు ఊడిన వారపత్రికలు, పరీక్ష అయిపోయాక ఎవరికీ అక్కర్లేని గైడ్లు, అన్నీ చదివాను. ఇలాంటి చదువు చదివినవాడికి నోరు ఎక్కువ అని మా ఆవిడ అంటుంది. ఉండనీ. ఈ సంగతి చెప్పడానికి కాస్త నోరు కావాలి.

చివరి కొన్నేళ్ళు నాకు నెల్లూరు నుంచి మైపాడు పోయి వచ్చే బస్సు పడింది. పొద్దున సముద్రం వైపు నుంచి ఊళ్ళోకి వచ్చే ట్రిప్పు చేపలమ్మే ఆడవాళ్ళది. సత్తు డబరాల్లో ఐసు, ఐసు కింద కానగంతలు, నెత్తళ్ళు. ఆ ట్రిప్పంటే మా వాళ్ళు చాలామంది ముఖం తిప్పుకునేవారు, వాసనట. నాకు అది నచ్చిన ట్రిప్పు. పొద్దున్నే నిజం మాట్లాడే మనుషులు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

వాళ్ళలో ఒకామె మా అందరికీ అక్క. నాకంటే పదేళ్ళు పెద్ద. మైపాడులో బస్సు తిరిగే చోటికి నాలుగడుగుల దూరంలో ఇల్లు. నెల్లూరు చేపల మార్కెట్లో, అత్త నుంచి వచ్చిన చోటు ఒకటి ఆమెకు ఉండేది. సిమెంటు తిన్నె మీద రెండు జానల వెడల్పు. ఆ చోటంటే ఆమెకు ప్రాణం. వారం రోజులు మనిషి కనబడకపోతే, పక్కామె డబరా కొంచెం కొంచెంగా జరిగి ఆ చోటును తినేస్తుంది. మార్కెట్టు ధర్మం అది.

నేను ఆ రూటుకు వచ్చిన కొత్తలో అక్క తలమీద చుట్టకుదురు, దాని మీద డబరా పెట్టుకుని కడ్డీ ముట్టకుండా బస్సెక్కేది. జుట్టు చూసి మనుషుల వయసు చెప్పేవాళ్ళు ఉంటారు. నేను మెట్టు దగ్గర చూసి చెబుతాను. ముందు కాలు లేస్తే ఇంకా వయసులో ఉన్నట్టు. ముందు చెయ్యి లేచి కడ్డీ కోసం వెతికితే ముసలితనం తలుపు తట్టినట్టు. కాలూ చెయ్యీ లేవకుండా కళ్ళు మాత్రం పైకి లేచి, ఎవరైనా చెయ్యి ఇస్తారా అని చూస్తే, ఆ మనిషి ఇంట్లో ఎవరో బాగా ప్రేమగా చూసుకుంటున్నారని అర్థం.

అక్క విషయంలో అదే జరిగింది. ఒక వానాకాలం ఆమెకు కీళ్ళ జ్వరం వచ్చింది. జ్వరం కొన్నాళ్ళకు పోయింది. కొడుకు ప్రేమ మాత్రం పోలేదు. మరబోటు మీద వేటకు పోయే మనిషి, తల్లంటే పిచ్చి. చర్చిలో చాపల మీద కూర్చునే పెద్దవాళ్ళ కోసం ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు ఇస్తే, అలాంటిదే ఒకటి కొని ఇంటికి తెచ్చాడు. అమ్మ కుర్చీలోనే కూర్చోవాలి. నీళ్ళు చేతికి, అన్నం ఒడికి రావాలి. కోడలు మంచి పిల్ల. అత్త చెంబు ముట్టుకుంటే ‘మీకెందుకత్తా’ అని లాక్కునేది. పండగలు దాటేదాకా అక్క ఆ కుర్చీలోనే ఉంది. ఈలోగా మార్కెట్లో రెండు జానల చోటులో ఒక జాన పక్కామె డబరా తినేసింది. మళ్ళీ డబరా ఎత్తుకుని బస్సు దగ్గరికి వచ్చిన రోజు, ఆమె కళ్ళు పైకి లేచాయి.

అక్కడి నుంచి మా దయ మొదలైంది. మా డ్రైవరు ముస్లిం, నాకంటే చిన్నవాడు, వెన్నలాంటి మనిషి. రోడ్డు పక్కన రొయ్యల గుంట తవ్వి పోసిన మట్టిదిబ్బ ఉంటే, బస్సు తలుపు సరిగ్గా దానికి ఆనించి ఆపేవాడు. అక్క దిబ్బ మీదికి నడిచి, అక్కడి నుంచి ఇంట్లో గడప దాటినట్టు బస్సులోకి అడుగు పెట్టేది. తిరుగు ప్రయాణంలో దిబ్బ ఉండేది కాదు. పైనుంచి ఇద్దరు లాగితే కింది నుంచి ఒకరు తోసేవారు.

“బియ్యం మూటనన్నా ఇంతకన్నా మర్యాదగా ఎక్కిస్తారు గదబ్బా,” అని ఆమె నవ్వేది. అందరూ నవ్వేవారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో గుంట యజమాని ఆ మట్టిని తన కట్టకు తోలుకున్నాడు. మర్నాడు పొద్దున అక్క వచ్చేసరికి దిబ్బ లేదు. ఎప్పటిలాగే పైనుంచి ఒకతను చెయ్యి పట్టి లాగాడు. కింద తోసే మనిషి ఇంకా రాలేదు. లాగినతని చేతిలో నుంచి తడి చెయ్యి జారింది. అక్క వెనక్కి రోడ్డు మీద కూలబడింది. డబరా తిరగబడి కానగంతలు తారు మీద జారాయి. దెబ్బ పెద్దది కాదు. ఆమె లేవలేకపోవడమే పెద్దది. నేల మీద కూర్చున్న మనిషి ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఏ కాలు మడవాలో మరచిపోయి, చిన్నపిల్లలాగా చుట్టూ చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కొడుకు పరుగెత్తుకొచ్చాడు. తల్లిని ఎత్తి నిలబెట్టి, చేపలు ఏరకుండానే ఖాళీ డబరా చంకలో పెట్టుకున్నాడు.

“ఇంగ చాలు. ఈ డబరా ముట్టుకుంటే చూడు,” అన్నాడు.

“నా చోటు పోద్దిరా.”

“పోతే పోనీ. చోటు కావాల్నా, నడుము కావాల్నా?”

“రెండూ కావాల,” అంది అక్క.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కొడుక్కి కోపం వచ్చింది. “సరే. ఎవురి చెయ్యీ పట్టుకోకుండా నీ అంతట నువ్వు ఈ బస్సెక్కి చూపించు. ఆ రోజు డబరా నేనే అందిస్తా. అప్పటిదాకా ఇంట్లో కూర్చో.”

ఆమె ఎలాగూ ఎక్కలేదనుకుని అన్న మాట అది. కానీ నలుగురిలో అన్నాడు. అక్క ఆ మాట పట్టుకుంది. సముద్రం మీద వేట నిషేధం మొదలయ్యే రోజులవి. రెండు నెలలపాటు పెద్ద బోట్లన్నీ ఒడ్డున కట్టేస్తారు, మార్కెట్లో సరుకు తగ్గిపోతుంది, ఖాళీ చోటును ఎవరూ తొందరపడి ఆక్రమించరు. బోట్లు తిరిగి కడలిలోకి పోయేదాకా ఆమెకు గడువు. ఆ తర్వాత కూడా ఎక్కలేకపోతే చోటూ లేదు, బేరమూ లేదు. మిగిలేది కుర్చీ.

ఆ పడటం కిటికీలోంచి చూసిన అమ్మాయి ఒకతె ఉంది. అదే ఊరి పిల్ల, నెల్లూరు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది, రోజూ మా బస్సులోనే పోయి వస్తుంది. బస్సు కదిలాక నా దగ్గరికి వచ్చి, “అంకుల్, ఆమెను అట్టా లాగబాకండి. మీరు లాగినన్నాళ్ళు ఆమె ఎక్కదు,” అంది.

నాకు మండింది. “లాగకపోతే ఎట్టా ఎక్కుద్దమ్మా? మోకాళ్ళు అరిగినోళ్ళు మెట్లెక్కరాదని నేను పేపర్లో చదివినా.”

“మిగతాది ఏమి రాసినారో చదివినారా?”

“ఆ పేజీ చిరిగిపోయింది.”

“అదే తెలుస్తా ఉండాది,” అంది.

మర్నాడు పొద్దున ఆమే అక్కను తన ఆసుపత్రికి తీసుకుపోయింది. గుండె, బీపీ చూశారు. ఎముకల డాక్టరు మోకాళ్ళు చూసి, అరుగుదల కొంచెం ఉంది, భయపడాల్సినంత లేదు, మెల్లగా కసరత్తు చేయించవచ్చు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి నాకు చెప్పింది:

“రోగం తక్కువ అంకుల్, పని లేకపోవడం ఎక్కువ. కుర్చీలో కూర్చోబెడితే కాళ్ళ కండ కరిగిపోద్ది. పెద్దోళ్ళకి ఇంకా తొందరగా పోద్ది. అయితే పని పెడితే మళ్ళా వస్తుంది. ఆ వయసులో గూడా వస్తుంది.”

“అయితే జిమ్ముకు పంపమంటావా?”

“జిమ్ముతో ఆమెకేం పని? బస్సెక్కాల, దిగాల, నేల మీంచి లేవాల, డబరా ఎత్తాల. ఏ పని కావాల్నో ఆ పనినే చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పిస్తాం. అదే కసరత్తు.”

ఆ రోజు నేను ఎదురు వాదించకుండా టికెట్లు కొట్టడానికి వెనక్కి పోయాను. నా ఉద్యోగంలో అలాంటి రోజులు తక్కువ.

మైపాడు చివరి స్టాపులో మా బస్సు కాసేపు ఆగుతుంది. ఆ టైములో డ్రైవరూ నేనూ టీ తాగేవాళ్ళం. ఇక టీ గ్లాసులు పట్టుకుని అక్క వాకిట్లోకే పోవడం మొదలుపెట్టాం. ఆ అమ్మాయి నేర్పినవి చూడటానికి ఏమీ లేనట్టుండేవి. “నన్ను కూలేసిన కుర్చీతోనే మొదలు పెడదాం,” అని అక్కే అంది. దాని మీద తలగడ వేసి ఎత్తు చేసి కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవమనేది ఆ అమ్మాయి. “ముక్కు కాలివేళ్ళ మీదికి రావాల అవ్వా. ముందుకు వొంగు, అప్పుడు కాళ్ళతో నేలను తొక్కు.” తలగడతో అలవాటయ్యాక తలగడ తీసేసింది. ఆ తర్వాత చేపల ట్రే బోర్లించి, దాని మీదికి ఒక కాలు పెట్టి ఎక్కడం, దిగడం. ఒడ్డున ఉన్న పడవ అంచు పట్టుకుని మడమలు ఎత్తడం. అదే అంచు పట్టుకుని ఒక కాలి మీద నిలబడటం. రెండు చేతుల్లో నీళ్ళ బిందెలతో వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం. మొదట ఖాళీ బిందెలు, తర్వాత కాసిని నీళ్ళతో.

కోడలు ఓర్చుకోలేక బిందె లాక్కోబోయింది. “నువ్వు నామీద ప్రేమ ఉంటే ఆ నీళ్ళు రోంత ఎక్కువ పొయ్యి,” అంది అక్క.

వేట లేక కొడుకు ఇంటి ముందే కూర్చుని వల బాగుచేసుకుంటూ ఇదంతా చూసేవాడు. దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా. “ఏందవ్వా, పోలీసు సెలెక్షనుకు పోతా ఉండావా?” అని ఒకతను అడిగాడు. “పోతా ఉండా. ముందు నిన్నే పట్టుకుంటా, పోయినేడు అప్పుకు తిన్న వంజరం చేప సంగతి తేలుస్తా,” అంది. అతను మళ్ళీ ఆ దారిన రాలేదు.

ఒకరోజు ఆ అమ్మాయి మా ఇద్దరి వైపు తిరిగింది. “ఊరికే చూస్తారెందుకు? మీరూ లేవండి చూద్దాం, చేతులు ఆనించకుండా.” బస్సు డ్రైవరు అంటే రోజంతా కూర్చునే మనిషి. పొట్ట ముందుకొచ్చింది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవబోయి, సగం లేచి దబ్బున కూలబడ్డాడు. అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. నేను లేచాను. కానీ నా మోకాళ్ళు చేసిన చప్పుడుకు కోడిపుంజు పక్కకు దూకింది.

డ్రైవరు బస్సు దగ్గరికి నడుస్తూ అన్నాడు: “మా నాయన నాకన్నా ముప్పయ్యేళ్ళు పెద్దన్నా. ఇప్పటికీ నేల మీదే నమాజు చదువుతాడు. కూర్చుంటాడు, లేస్తాడు. మోకాళ్ళ నొప్పి, కుర్చీ తెచ్చిస్తా అంటే వద్దంటాడు. మొండోడు అనుకున్నా. కాదంట గదా.” ఆ వారం నుంచి అతనూ స్టీరింగు వెనక కూర్చుని మడమలు ఎత్తడం మొదలుపెట్టాడు.

వెన్నలాంటి మనిషితో వచ్చే చిక్కు ఏమిటంటే, వెన్న తొందరగా కరుగుతుంది. అక్క ట్రే మీద హాయిగా ఎక్కి దిగుతుంటే అతనికి ఉత్సాహం పట్టింది. బస్సు చక్రానికి అడ్డంగా వేసే చెక్క దిమ్మెలు రెండు మోసుకొచ్చి, ట్రే మీద ట్రే వేసి, కింద దిమ్మెలు పెట్టి, చేత్తో కొలిచి, “ఇదో అక్కా, అచ్చం మన మెట్టే,” అన్నాడు. ఆ అమ్మాయి ఆ రోజు డ్యూటీలో ఉంది. చుట్టూ జనం చేరారు. జనం ముందు అక్క వెనక్కి తగ్గే రకం కాదు. ఎక్కింది కూడా. ఒకసారి కాదు, చప్పట్లు కొడుతుంటే మళ్ళీ మళ్ళీ ఎక్కింది. మర్నాటికి మోకాలు వాచి బూరెలా ఉంది.

కొడుకు వల కిందపడేసి మా మీదికి వచ్చాడు. “మా అమ్మతో ఆటలాడతా ఉండారా మీరు? బస్సు తోలుకునేదానికి వచ్చినోళ్ళు బస్సు తోలుకోండి.” మేం తల వంచుకుని నిలబడ్డాం.

ఆ అమ్మాయి వచ్చి మోకాలు చూసింది. కొడుకును ఏమీ అనలేదు. డ్రైవరును అడిగింది: “అన్నా, బండి స్టార్ట్ చేసి నేరుగా టాప్ గేరు వేస్తారా?”

“వెయ్యనమ్మా.”

“ఎందుకు వెయ్యరు?”

“ఇంజను ఆగిపోద్ది.”

“మరి అవ్వకు ఎందుకు వేసినారు?”

అతనికి జన్మలో మరవని పాఠం. వాపు తగ్గేదాకా అక్క కుర్చీలో కూర్చుని కాలు చాపి, ఎత్తి, దించడం మాత్రమే చేసింది. తర్వాత మళ్ళీ తలగడ నుంచి మొదలు. ఆ రోజుల్లో ఆమె మాటలు తగ్గాయి. ఒకసారి నాతో మెల్లగా అంది: “అబయా, వయసు పోయినాక గూడా బలం తిరిగి వస్తుందని ఆ పిల్ల చెప్పింది నిజమేనా? నీకు పేపర్లు తెలుసు గదా.”

నేను తెలుసు అన్నాను. “చిరగని పేజీ దొరికింది, చదివినా అక్కా,” అన్నాను. అది నిజమే. ఆ అమ్మాయి ఇచ్చిన పేపరు, మొదటి నుంచి చివరి దాకా చదివాను. ముసలి కండ కూడా పనికి మాట వింటుందని, నొప్పి పెరిగితే ఆపి, తగ్గాక అక్కడి నుంచే మొదలుపెట్టాలని, కాళ్ళలో బలం ఉన్నవాళ్ళు పడటం తక్కువని అందులో రాసి ఉంది. నేను చదివిన చదువులో ఒక మనిషికి నేరుగా ఉపయోగపడింది ఆ ఒక్క పేజీ అనుకుంటాను.

మోకాలు కుదుటపడ్డాక అసలు మెట్టు మీద సాధన మొదలైంది. చివరి స్టాపులో ఇంజను ఆపిన బస్సే మాకు పనిముట్టు. కడ్డీ పట్టుకోవచ్చు, మనుషుల చెయ్యి పట్టుకోకూడదు అని షరతు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి, ముక్కు ముందుకు తెచ్చి, సగం లేచి, తిరిగి దిగేది. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. పడితే పట్టుకునేంత దగ్గరగా, పట్టుకోవాలని ఆమెకు అనిపించనంత దూరంగా. అలా నిలబడటం చూసినంత తేలిక కాదు.

బస్సులో ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. నెల్లూరులో ఏదో ఆఫీసు. “ఏమయ్యా, ముసలావిడ అవస్థ పడుతుంటే చేతులు కట్టుకుని వేడుక చూస్తున్నావు. మానవత్వం లేదా?” అన్నాడు.

“ఉండబట్టే చేతులు కట్టుకున్నా సార్,” అన్నాను.

అర్థం కాలేదు ఆయనకు. డిపోకు ఫిర్యాదు పోయింది. మా పై అధికారి పిలిచి, “నువ్వు ముసలమ్మకు చెయ్యి కూడా ఇవ్వవంట, పైగా బస్సు మెట్టు మీద డ్రిల్లు చేయిస్తావంట. బస్సు ఏమన్నా వ్యాయామశాలా? రేపటి నుంచి ఆ వేషాలు కనిపించాయంటే రూటు మారుస్తా,” అన్నాడు. నేను మెట్టు ఎత్తు గురించి, పెద్దవాళ్ళ సీటు గురించి చెప్పబోయాను. ఆయన వినకుండా లేచాడు. లేవడానికి రెండు చేతులూ బల్ల మీద ఆనించి, పళ్ళు బిగించి, ముక్కాడు. నాకంటే చిన్నవాడే. ‘సార్, ముక్కు ముందుకు పెట్టండి’ అని నోటి దాకా వచ్చింది. రిటైరుమెంటు దగ్గర్లో ఉందని మింగేశాను.

అలా అసలు మెట్టు మీద సాధన ఆగిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే బోట్లు వేటకు బయల్దేరాయి.

కొడుకు బోటు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున అక్క రోడ్డు మీదికి వచ్చింది. ఉతికిన చీర, చేతిలో చుట్టకుదురు. వెనక కొడుకు డబరా పట్టుకుని వస్తున్నాడు. వాడి ముఖంలో పంతం లేదు, భయం ఉంది. తల్లి మళ్ళీ పడుతుందేమోనని. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గడపల్లో నిలబడ్డారు. ఆ అమ్మాయి రోజూ కూర్చునే సీట్లోనే కూర్చుని, కిటికీ కడ్డీ గట్టిగా పట్టుకుని ఉంది.

ఎండాకాలంలో గుంట పూడిక తీసి, రోడ్డు పక్కన మళ్ళీ మట్టిదిబ్బ పోశారు. మా డ్రైవరు మనసు ఊరుకోలేదు. బస్సు తిప్పుకొచ్చి తలుపును సరిగ్గా దిబ్బకు ఆనించి ఆపాడు. నా వైపు చూడకుండా ఎదురుగా అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. దిబ్బ మీదికి నాలుగడుగులు నడిస్తే అక్క బస్సులో ఉంటుంది. ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు. షరతు చెల్లుతుంది. కొడుకు కూడా, ‘పో అమ్మా’ అన్నట్టు తల ఊపాడు.

అక్క దిబ్బను చూసింది. బస్సును చూసింది. అరచేత్తో బస్సు రేకు మీద టపటపా కొట్టింది.

“ముందుకు పోనీ అబయా. సాపు రోడ్డు మీద ఆపు.”

డ్రైవరు కిటికీలోంచి తల పెట్టాడు. “ఈడ సులువుగా ఉంటాది గదక్కా.”

“సాయంత్రం నెల్లూరులో ఎక్కేటప్పుడు ఈ దిబ్బ నువ్వు నెత్తిన పెట్టుకొస్తావా? పోనీ.”

బస్సు ముందుకు కదిలి, దిబ్బ లేని చదును రోడ్డు మీద ఆగింది. అక్క మెట్టు ముందు నిలబడింది. నేను కిందకు దిగి నా చోట నిలబడ్డాను, చేతులు కట్టుకుని. అధికారి మాట గుర్తు లేక కాదు.

ఆమె కడ్డీ పట్టుకుని కాలు పెట్టింది. లేచింది. సగంలో మోకాలు వణికి, కాలు మళ్ళీ నేల మీదికి వచ్చేసింది. గడపల్లో ఎవరో ‘అయ్యో యేసయ్యా’ అన్నారు. బస్సులోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది, ఇస్త్రీ చొక్కా చెయ్యి. మంచి మనసుతోనే చాచాడు పాపం. అక్క దాని వైపు చూసింది. ఎంత అలవాటైన చూపు అది.

“చెయ్యి తియ్యండి సార్,” అన్నాను.

“నీకసలు...”

“తియ్యండి.”

తీశాడు. అక్క ఊపిరి పీల్చుకుంది. కాలు మళ్ళీ మెట్టు మీద పెట్టింది. ఈసారి తొందరపడలేదు. ముందుకు వంగింది. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చింది. కింద ఉన్న మడమ నేల నుంచి లేచింది. ఆ తర్వాత మనిషంతా, మెల్లగా, తన బరువు తాను మోసుకుంటూ పైకి లేచింది. రెండో కాలు మెట్టు మీదికి వచ్చి మొదటి కాలు పక్కన నిలబడింది. మిగతా మెట్లు చిన్నవి, వాటిని ఆమె లెక్క చేయలేదు.

అక్క తలుపులో నిలబడి వెనక్కి తిరిగి కొడుకుతో అంది: “ఏందిరా చూస్తా ఉండావు? డబరా అందియ్యి. ఐసు కరిగిపోతా ఉండాది.”

వాడు డబరా ఎత్తి అందించాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, భుజానికి ముఖం రుద్దుకున్నాడు. అక్క ‘వృద్ధులకు’ అని రాసిన సీటు దాటి పోయి వెనక ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. నేను విజిల్ ఊదాను. ఎందుకో ఆ రోజు గాలి సరిగ్గా రాలేదు, రెండోసారి ఊదాల్సి వచ్చింది.

ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి నెల్లూరులో దిగేటప్పుడు ఆ అమ్మాయి దగ్గర ఆగి, “మా అమ్మ కూడా నేల మీద నుంచి లేవలేదమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. నేను వినలేదన్నట్టు చిల్లర సర్దుకున్నాను.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. అక్క ఇప్పటికీ ఆ చోట్లోనే కూర్చుంటుంది. ఆదివారం చర్చిలో కుర్చీ వద్దని చాప మీద కూర్చుంటుందట. లేచేటప్పుడు పక్కనున్న వయసు ఆడవాళ్ళు చెయ్యి అడుగుతున్నారని నాతో చెప్పి నవ్వింది. ఆమె మోకాళ్ళు కొత్తవి కాలేదు. చలికాలం పొద్దున పట్టేస్తాయి. అయినా మడమలు ఎత్తుతుంది, బిందెలు మోస్తుంది. మానేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

మీకు ఒక్క మాట చెప్పాలి, కోపంగానే చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ చేతుల్లోంచి చెంబు లాక్కోకండి. డాక్టరుకు చూపించండి, పక్కన నిలబడండి, జారే చోట కడ్డీ పెట్టించండి. చేసేది వాళ్ళనే చెయ్యనివ్వండి. మీకు ఆలస్యమవుతుందని వాళ్ళ పని మీరు చేసి, దానికి ప్రేమ అని పేరు పెట్టకండి.

నేను రిటైరయ్యాక మా ఇంట్లోనూ కుర్చీ వచ్చింది. చేతులు ఆనించకుండా రోజూ దాంట్లోంచి లేస్తాను, కూర్చుంటాను. అది తప్ప దానితో నాకు వేరే పని లేదు. మొన్న పాత బస్సు మీద మనసు పుట్టి, తెల్లారకముందే ఆటోలో మైపాడు పోయాను. సముద్రం చూసి, టీ తాగి, తిరుగు బస్సు దగ్గరికి వచ్చాను. డ్రైవరు మారాడు, కండక్టరు మారాడు. మెట్టు మారలేదు. నిలబడి దాన్ని చూస్తుంటే, నాకు తెలియకుండానే నా చెయ్యి ముందు లేచి కడ్డీ కోసం వెతికింది. కొత్త కండక్టరు మర్యాదస్తుడు, వంగి చెయ్యి చాచాడు.

లోపల ఆడవాళ్ళ మధ్య నుంచి, డబరా మీద చెయ్యేసి కూర్చున్న అక్క గొంతు వినిపించింది.

“చెయ్యి ఇయ్యబాకు అబయా. ఆయన ఎక్కతాడు. రోంత టైం పట్టుద్ది, అంతే.”

ముక్కు ముందుకు పెట్టాను. ఎక్కాను.